నెత్తుటిలో నడిచే వారసత్వం

నలభై ఏళ్లు నిండని మనిషికి గుండెపోటు వచ్చినప్పుడు వైద్యులు మొదట ఆరా తీసేది పొగతాగే అలవాటు, మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్టరాల్ గురించే. అది సబబే, ఎందుకంటే ఎక్కువ మందిలో కారణం ఈ నాలుగింటిలోనో వాటి కలయికలోనో దొరుకుతుంది. కానీ గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులను యాంజియోగ్రామ్‌లో చూసినప్పుడు కొందరు యువకుల్లో ఆ గోడలు నున్నగా, కొవ్వు పేరుకున్న ఆనవాలు లేకుండా ఉండి, ఒకేచోట రక్తపు గడ్డ మాత్రం దారికి అడ్డంగా కనిపిస్తుంది. మరికొందరిలో ఆ గడ్డ అప్పటికే కరిగిపోయి, దెబ్బతిన్న గుండె కండరం ఒక్కటే జరిగినదానికి సాక్ష్యంగా మిగులుతుంది. ధమనిలో లోపం కనిపించనప్పుడు అందులో పారే రక్తాన్నే అనుమానించవలసి వస్తుంది. అవసరం లేని చోట, అవసరం లేని వేళ గడ్డకట్టే స్వభావం కొందరి రక్తానికి పుట్టుకతోనే ఉంటుందని, అది తల్లి నుంచో తండ్రి నుంచో జన్యువుల ద్వారా సంక్రమిస్తుందని వైద్యశాస్త్రం రూఢి చేసుకుని అరవై ఏళ్లే అయింది. ఈ స్వభావానికి వైద్యులు పెట్టిన పేరు త్రాంబోఫిలియా.

భారతీయులకు ఈ విషయం మరింత దగ్గరగా తగులుతుంది. 52 దేశాల రోగులను పరిశీలించి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53 ఏళ్లని, మిగతా ప్రాంతాల వారికంటే అది సుమారు ఆరేళ్లు ముందని తేల్చింది. ఇటీవలి సంవత్సరాల్లో వ్యాయామశాలల్లో, పెళ్లి బరాత్‌లలో, ఆటస్థలాల్లో యువకులు హఠాత్తుగా కూలిపోయిన వార్తలు తెలుగు నాట ప్రతి ఇంటా భయాన్ని నింపాయి. ఆ మరణాలన్నిటికీ రక్తపు గడ్డలే కారణమనడం సరికాదు. గుండె కండరం పుట్టుకతోనే మందంగా ఉండటం, గుండె లయ తప్పే జబ్బులు కూడా వాటి వెనుక ఉంటాయి. అయితే 18 నుంచి 45 ఏళ్ల లోపు ఆరోగ్యవంతుల ఆకస్మిక మరణాలపై భారతీయ వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనం, కోవిడ్ టీకా వల్ల ముప్పు పెరగలేదని చెబుతూనే, కుటుంబంలో అంతకుముందు ఆకస్మిక మరణం జరిగి ఉండటాన్ని ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా గుర్తించింది. టీకా గురించి నెలల తరబడి వాదించుకున్న సమాజం ఈ రెండో మాటను పెద్దగా పట్టించుకోలేదు.

గడ్డ కట్టించేదీ, ఆపేదీ

వంటింట్లో వేలు తెగినప్పుడు రక్తం కొద్ది నిమిషాల్లో ఆగిపోవడం ఎంత మామూలుగా కనిపించినా, ఆ కొద్ది నిమిషాల్లో శరీరం ఒక పెద్ద పనిని దశలవారీగా నడిపిస్తుంది. గాయమైన చోటికి మొదట ప్లేట్‌లెట్లు అనే సూక్ష్మమైన రక్తకణాలు చేరి తాత్కాలికంగా అడ్డు కడతాయి. ఆ వెంటనే కాలేయంలో తయారై రక్తంలో నిద్రాణంగా తిరుగుతున్న గడ్డకట్టించే ప్రోటీన్లు ఒకదాన్ని ఒకటి మేల్కొల్పుతూ పోయి, చివరకు త్రాంబిన్ అనే శక్తిమంతమైన పదార్థాన్ని పుట్టిస్తాయి. త్రాంబిన్ రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ అనే పోగులుగా మార్చి, ఆ పోగుల వలలో కణాలను బంధించి గట్టి గడ్డను తయారు చేస్తుంది. ఒక్కో ప్రోటీన్ తరువాతి దాన్ని అనేక రెట్లు ప్రేరేపిస్తుంది కనుక చిన్న సంకేతం క్షణాల్లో పెద్ద ప్రతిస్పందనగా మారుతుంది; ఈ క్రమాన్ని 1964లో బ్రిటన్‌లో మాక్‌ఫార్లేన్, అమెరికాలో డేవీ, రాట్నాఫ్ దాదాపు ఒకే కాలంలో వేర్వేరుగా వివరించారు.

ఇంత వేగంగా పెరిగే చర్య ఎక్కడో ఒకచోట ఆగకపోతే మనిషి బతకడు. చెరువు కట్టకు గండి పడినప్పుడు ఊరంతా కదిలి ఇసుక బస్తాలు వేయడం ఎంత అవసరమో, గండి పూడిన తరువాత ఆపమని చెప్పేవాడు ఉండటం కూడా అంతే అవసరం. లేకపోతే ఆ బస్తాలే తూమును మూసి పొలాలను ఎండబెడతాయి. రక్తంలో ఆపమని చెప్పే పని ప్రధానంగా మూడు ప్రోటీన్లది. యాంటీథ్రాంబిన్ నేరుగా త్రాంబిన్‌ను పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. ప్రోటీన్ సి, దానికి తోడుగా ఉండే ప్రోటీన్ ఎస్ కలిసి, గడ్డకట్టే క్రమంలోని ఐదవ, ఎనిమిదవ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లను ముక్కలు చేసి త్రాంబిన్ పుట్టుకనే తగ్గిస్తాయి. ఇందులో ఆశ్చర్యపరిచే సంగతి ఏమిటంటే, ప్రోటీన్ సి ని మేల్కొల్పేది త్రాంబినే. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళపు లోపలి పొరను తాకిన త్రాంబిన్, అక్కడి త్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో జతకట్టి, గడ్డ కట్టించే పని మాని గడ్డను ఆపే పనికి మళ్లుతుంది. గాయం ఉన్న చోట కట్టించడం, గాయం లేని చోట ఆపడం అనే రెండు ఆజ్ఞలూ ఒకే పదార్థం ద్వారా అమలు కావడం వల్లనే రక్తం జీవితమంతా ద్రవంగా ప్రవహించగలుగుతోంది. పుట్టుకతో వచ్చే గడ్డకట్టే రుగ్మతల్లో ముఖ్యమైనవి ఈ ఆపే వ్యవస్థలోని లోపాలే.

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1856లో ప్రచురించిన రచనల్లో, కాలి సిరల్లో పుట్టిన గడ్డ ఊడి రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటుందని నిరూపించాడు. తరువాతి తరాలు ఆయన పేరు మీద మూడు కారణాలను చెప్పుకుంటూ వచ్చాయి: రక్తప్రవాహం మందగించడం, నాళపు గోడ దెబ్బతినడం, రక్తం స్వభావం మారడం. మొదటి రెండింటినీ వైద్యులు కళ్లతో చూడగలిగారు గానీ మూడోది వందేళ్లకు పైగా ఊహగానే ఉండిపోయింది.

కుటుంబాలు చెప్పిన శాస్త్రం

ఆ ఊహకు తొలి రుజువు ప్రయోగశాల కంటే ముందు ఒక కుటుంబంలో దొరికింది. నార్వే వైద్యుడు ఓలవ్ ఎగెబెర్గ్ తరతరాలుగా రక్తపు గడ్డలతో బాధపడుతున్న ఒక కుటుంబాన్ని పరిశీలించి, వారి రక్తంలో యాంటీథ్రాంబిన్ మామూలు స్థాయిలో దాదాపు సగమే ఉందని 1965లో ప్రకటించాడు. ప్రోటీన్ సి లోపం 1981లో, ప్రోటీన్ ఎస్ లోపం 1984లో ఇలాగే కుటుంబాల పరిశీలన నుంచి బయటపడ్డాయి. ఈ మూడు లోపాలూ సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఒక్క లోపభూయిష్ట జన్యు ప్రతి వచ్చినా వ్యక్తమవుతాయి. అంటే లోపం ఉన్న వ్యక్తి సంతానంలో ప్రతి ఒక్కరికీ, ఆడ మగ తేడా లేకుండా, సగానికి సగం అవకాశం ఉంటుంది. రెండు ప్రతులూ లోపభూయిష్టమైతే పరిస్థితి దారుణంగా ఉంటుంది. అలాంటి ప్రోటీన్ సి లోపంతో పుట్టిన శిశువుకు తొలి రోజుల్లోనే చర్మం కింది సన్నని నాళాలన్నీ గడ్డకట్టి శరీరం మీద నల్లని మచ్చలు వ్యాపిస్తాయి, వెంటనే గుర్తించకపోతే ప్రాణం దక్కదు.

1993లో స్వీడన్‌లోని మాల్మోలో పనిచేస్తున్న బ్యోర్న్ డాల్‌బ్యాక్, పదే పదే గడ్డలు కడుతున్న ఒక రోగి రక్తద్రవానికి చైతన్యవంతమైన ప్రోటీన్ సి ని కలిపి చూశాడు. గడ్డకట్టే సమయం పెరగవలసి ఉండగా పెరగలేదు. ప్రోటీన్ సి సరిగానే ఉంది, అది తెంచవలసిన ఐదవ ఫ్యాక్టరే తెగడం లేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో రోజియర్ బెర్టినా బృందం, ఆ ఫ్యాక్టర్‌లో 506వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లుటమిన్ ఉండటమే ఇందుకు మూలమని కనిపెట్టింది. అందుకే దానికి ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే పేరు స్థిరపడింది. 1996లో అదే నగరంలో, త్రాంబిన్‌కు మూలరూపమైన ప్రోథ్రాంబిన్ జన్యువులో మరో మార్పును గుర్తించారు. ఐరోపా సంతతి వారిలో మొదటిది దాదాపు ఐదు శాతం మందిలో, రెండోది దాదాపు రెండు శాతం మందిలో ఉంటుంది.

ఇక్కడ తెలుగు పాఠకులు గమనించవలసిన తేడా ఒకటి ఉంది. ఈ రెండు జన్యుమార్పులూ వేల ఏళ్ల కిందట ఒక్కో పూర్వీకుడిలో పుట్టి ఆ సంతతితో పాటే వ్యాపించినవి కనుక, ఐరోపాలో సర్వసాధారణమైనా భారతదేశంలో అంతగా కనిపించవు. ప్రోథ్రాంబిన్ మార్పయితే భారతీయుల్లో అత్యంత అరుదు. యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ లోపాలు అలా కావు. అవి ఒకే మూలం నుంచి రాలేదు, వందలాది వేర్వేరు జన్యుమార్పుల వల్ల ఏ జాతిలోనైనా, ఏ కుటుంబంలోనైనా కొత్తగా పుట్టగలవు. కాబట్టి ఐరోపా జనాభాను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన రెండు జన్యు పరీక్షలు చేయించుకుని, అవి సవ్యంగా వచ్చాయని ఒక తెలుగు కుటుంబం నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

సిర నుంచి గుండె దాకా

గుండెలో గడ్డ అన్నప్పుడు నిజానికి అది నాలుగు వేర్వేరు సంఘటనలు కావచ్చు. గడ్డ కరోనరీ ధమనిలోనే పుట్టి గుండెపోటు తేవచ్చు. గుండె గదిలో పుట్టవచ్చు. పెద్ద గుండెపోటు తరువాత ఎడమ జఠరిక కొనభాగం కదలిక కోల్పోయినప్పుడు, అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి, ఏ క్షణంలోనైనా ఊడి మెదడుకు చేరే ముప్పు ఉంటుంది. మూడోది, కాలి లోతు సిరల్లో పుట్టిన గడ్డ పైకి ప్రయాణించి గుండె కుడి గదుల గుండా ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకోవడం. ఎకో పరీక్షలో కుడి గదిలో తేలాడుతున్న గడ్డ కనిపిస్తే అది క్షణక్షణం గండమే. నాలుగోది అరుదైనది: గర్భస్థ శిశువుకు గుండె పై గదుల మధ్య ఉండే చిన్న ద్వారం పుట్టిన తరువాత మూసుకుపోవాలి గానీ, దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి అది పూర్తిగా మూసుకోదు, సిరల్లోని గడ్డ ఆ సందు గుండా ఎడమ వైపుకు దాటి మెదడుకో, కరోనరీ ధమనికో చేరవచ్చు.

వంశపారంపర్య త్రాంబోఫిలియాకు ఈ నాలుగింటితోనూ సమానమైన సంబంధం లేదు. సిరల్లో రక్తం నెమ్మదిగా కదులుతుంది కనుక అక్కడి గడ్డలు ఫైబ్రిన్ పోగులతో నిండి ఉంటాయి, ఆపే ప్రోటీన్ల లోపం మొదట బయటపడేది అక్కడే. ధమనుల్లో రక్తం వేగంగా, ఒత్తిడితో పారుతుంది. అక్కడి గడ్డలో ప్లేట్‌లెట్ల పాలు ఎక్కువ, నాళపు గోడ దెబ్బతినడమే సాధారణంగా దానికి మూలం. అందువల్ల ఈ లోపాలకూ కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో కట్టే గడ్డలకూ ఉన్న బంధం బలమైనది. గుండెపోటుతో ఉన్న బంధం బలహీనమైనది, వయసు పెరిగే కొద్దీ దాదాపు కనిపించకుండా పోయేది. కానీ చిన్న వయసులో ఆ బంధం లెక్కలోకి వస్తుంది. నెదర్లాండ్స్‌లో కుటుంబాల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ లోపాలున్న వారికి 55 ఏళ్లలోపు ధమనుల్లో గడ్డలు కట్టే ముప్పు స్పష్టంగా ఎక్కువగా తేలింది. యాంటీథ్రాంబిన్ లోపంలో అది కనిపించలేదు. 1997లో ఫ్రిట్స్ రోసెన్‌డాల్ బృందం యువతుల గుండెపోట్లను పరిశీలించినప్పుడు ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ ఒక్కటే ఉంటే ముప్పు సుమారు రెండున్నర రెట్లు కాగా, దానికి పొగతాగే అలవాటు తోడైతే 32 రెట్లకు చేరింది.

ఈ చివరి అంకెలోనే వ్యాధి స్వభావమంతా ఉంది. జన్యులోపం ఉన్న వారిలో చాలామంది జీవితమంతా ఒక్క గడ్డ కూడా కట్టకుండా గడిపేస్తారు. గడ్డ కట్టిన వారిలో తరచుగా పుట్టుకతో వచ్చిన లోపం మీద మరొక కారణం వచ్చి పడి ఉంటుంది. ఆ రెండో కారణం పొగ కావచ్చు, తుంటి విరిగి నెలల పాటు మంచాన పడటం కావచ్చు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, గర్భం, ప్రసవం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన పరిశోధన, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణం సిరల్లో గడ్డకట్టే ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుందని 2007లో తేల్చింది. హైదరాబాద్ నుంచి అమెరికాకు పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకూ, అక్కడి నుంచి ఏటా వచ్చిపోయే యువ ఉద్యోగులకూ అది సొంత విషయమే. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లోపం లేని స్త్రీలలో ముప్పును కొన్ని రెట్లు పెంచితే, ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ ఉన్న స్త్రీలలో అవి రెండూ కలిసి ముప్పును సుమారు 35 రెట్లకు చేర్చినట్టు 1994లో డచ్ పరిశోధకులు లెక్కకట్టారు. తెలుగు ఇళ్లలో పెళ్లికో, వ్రతానికో, తీర్థయాత్రకో అడ్డు రాకూడదని నెలసరిని వాయిదా వేసే మాత్రలను మందుల దుకాణంలో నేరుగా కొని వాడటం సాధారణమైపోయింది. ఆ మాత్రల్లో ఉండే నోర్‌ఎథిస్టెరోన్‌లో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్ రూపంలోకి మారుతుంది. ఆరోగ్యవంతురాలైన యువతికి కొద్ది రోజుల వాడకం పెద్ద ప్రమాదం కాకపోవచ్చు; మేనత్తకో, అక్కకో గడ్డలు కట్టిన చరిత్ర ఉన్న అమ్మాయికి మాత్రం డాక్టరును అడగకుండా ఆ మాత్ర ఇవ్వడం చాలా ప్రమాదకరం.

తెలుగు సమాజపు వివాహ పద్ధతితో నేరుగా ముడిపడిన రుగ్మత మరొకటి ఉంది. మాంసకృత్తులు శరీరంలో జీర్ణమై మారే క్రమంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పుడుతుంది. దాన్ని మార్చివేసే ఎంజైము పుట్టుకతో లోపిస్తే అది రక్తంలో విపరీతంగా పేరుకుని నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, సిరల్లోనూ ధమనుల్లోనూ గడ్డలు కట్టిస్తుంది. హోమోసిస్టిన్యూరియా అనే ఈ జబ్బు 1962లో ఉత్తర ఐర్లాండ్‌లో బయటపడింది. పిల్లలు వయసుకు మించి పొడవుగా, సన్నని పొడవాటి వేళ్లతో ఉండటం, కంటి కటకం కిందికి జారడం, కొందరిలో బుద్ధి వికాసం మందగించడం దీని గుర్తులు; చికిత్స అందకపోతే 30 ఏళ్లు వచ్చేలోగా దాదాపు సగం మందికి ఏదో ఒక చోట గడ్డ కడుతుంది. ఈ జబ్బు రావాలంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపభూయిష్ట ప్రతి రావాలి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్లి జరిగితే పుట్టే బిడ్డ జన్యువుల్లో సగటున పదహారవ వంతు, మేనమామ మేనకోడలిని పెళ్లాడితే ఎనిమిదవ వంతు ఒకే పూర్వీకుడి నుంచి రెండు వైపులా వచ్చిన ఒకే రకం ప్రతులుగా ఉంటాయి; అరుదైన అంతర్గత లోపం బయటపడే అవకాశం అందువల్ల అనేక రెట్లు పెరుగుతుంది. బాధితుల్లో సుమారు సగం మందికి బి6 విటమిన్ పెద్ద మోతాదులో ఇస్తే హోమోసిస్టీన్ తగ్గుతుంది. ఇంత చవకైన మందుకు లొంగగల జబ్బు, కళ్లద్దాలు మార్చుకుంటూ తిరిగిన బాల్యంలో ఎవరూ గుర్తించకపోవడం వల్ల ఇరవైల్లో ప్రాణాంతకం కావడం నిజంగా బాధాకరం.

ఈ అరుదైన జబ్బుకూ, హోమోసిస్టీన్ కొద్దిగా పెరిగి ఉండటానికీ ముడిపెట్టకూడదు. భారతదేశంలో బి12 లోపం విస్తారంగా ఉంది, దాని వల్ల హోమోసిస్టీన్ కొంత పెరగడమూ మామూలే. విటమిన్లతో దాన్ని తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయేమోనని జరిపిన పెద్ద ప్రయోగాలు రెండింటి ఫలితాలు 2006లో వచ్చాయి. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. బి12 లోపాన్ని దాని కోసం సరిదిద్దుకోవాలి గానీ గుండెను కాపాడుతుందన్న నమ్మకంతో కాదు.

యువ భారతీయుల్లో వంశపారంపర్య కారణాల గురించి మాట్లాడేటప్పుడు లైపోప్రోటీన్ ఎ ని విడిచిపెట్టడం కుదరదు. నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ 1963లో కనుగొన్న ఈ కణం చెడు కొలెస్టరాల్‌ను మోస్తూనే, గడ్డను కరిగించే ప్లాస్మినోజెన్ అనే ప్రోటీన్‌ను పోలిన తోకను కలిగి ఉంటుంది; ఒక వైపు ధమని గోడకు కొవ్వు చేరుస్తూ, మరో వైపు గడ్డ కరిగే పనికి ఆటంకం కలిగించగలదు. దీని స్థాయిని ప్రధానంగా జన్యువులే నిర్ణయిస్తాయి, తిండితోనూ వ్యాయామంతోనూ అది మారదు, దక్షిణాసియా వారిలో ఎక్కువగా ఉంటుంది. జీవితంలో ఒక్కసారి చేయిస్తే సరిపోయే ఈ పరీక్ష, పైన చెప్పిన చాలా పరీక్షల కంటే గుండె విషయంలో ఎక్కువ సమాచారం ఇస్తుంది.

పరీక్షకూ ఒక వేళ ఉంది

త్రాంబోఫిలియా పరీక్షల పేరిట జరిగే పొరపాట్లలో అతి పెద్దది, గడ్డ కట్టి ఆసుపత్రిలో చేరిన రోజునే రక్తం తీసి ప్రయోగశాలకు పంపడం. గడ్డ కడుతున్నప్పుడు ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ మూడూ ఆ పనిలోనే ఖర్చవుతాయి కనుక ఏ లోపమూ లేని వారిలో కూడా తగ్గి కనిపిస్తాయి. రక్తం పలచన చేసే మందుల్లో హెపారిన్ ఇంజెక్షన్ యాంటీథ్రాంబిన్‌ను, వార్ఫరిన్ వర్గపు మాత్రలు ప్రోటీన్ సి, ఎస్‌లను, గర్భం ప్రోటీన్ ఎస్‌ను తగ్గిస్తాయి. ఆ వేళ వచ్చిన తక్కువ అంకెను చూసి ఒక యువకుడికి జన్యులోపం ఉందని ముద్ర వేస్తే, ఆ ముద్ర అతని ఉద్యోగం, బీమా, పెళ్లి దాకా వెంటాడుతుంది. అందుకే నిపుణులు చికిత్స ముగిసిన కొన్ని వారాల తరువాత పరీక్షించి, తగ్గినట్టు వస్తే మరోసారి చేయించి, వీలైతే తల్లిదండ్రుల్లో కూడా చూసి గానీ నిర్ణయానికి రారు. జన్యుపరీక్షలకు ఈ ఇబ్బంది లేదు, ఎప్పుడు చేసినా ఫలితం ఒకటే.

వంశపారంపర్యం కాని జబ్బుకు సంబంధించినదైనా, ఒక్క పరీక్ష మాత్రం ధమనిలో గడ్డ కట్టిన ప్రతి యువ రోగిలో ఆలోచించవలసింది. యాంటీఫాస్ఫోలిపిడ్ రుగ్మతలో శరీరం తన సొంత పదార్థాల మీదనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. సిరలు, ధమనులు రెండింటిలోనూ గడ్డలు కడతాయి, స్త్రీలలో గర్భస్రావాలు పదే పదే జరుగుతాయి. చికిత్స మారిపోతుంది కనుకనే దీన్ని గుర్తించడం ముఖ్యం: ఈ రుగ్మతలో కనిపించే మూడు రకాల ప్రతిరక్షకాలూ ఉన్న రోగుల్లో కొత్త తరం మందు రివరాక్సబాన్‌ను వార్ఫరిన్‌తో పోల్చిన ప్రయోగంలో కొత్త మందు తీసుకున్న వారికే గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువగా వచ్చాయని 2018లో వెల్లడైంది.

చికిత్స సంగతికి వస్తే, కరోనరీ ధమనిలోని గడ్డకు అత్యవసర వైద్యం అందరికీ ఒకటే. లోపం పుట్టుకతో వచ్చిందా లేదా అన్న చర్చతో ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు. తేడా ఆ తరువాత వస్తుంది. ధమని గడ్డలకు ప్లేట్‌లెట్లను అదుపు చేసే ఆస్పిరిన్ వంటి మందులు ఆధారమైతే, సిరల గడ్డలకు, గుండె గదుల్లోని గడ్డలకు రక్తం పలచన చేసే మందులు కావాలి. వార్ఫరిన్, మన ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే ఎసినోకౌమరాల్ ఒకే వర్గానికి చెందినవి. ఇవి కె విటమిన్ పనిని అడ్డుకుని గడ్డకట్టించే ఫ్యాక్టర్లను తగ్గిస్తాయి, అయితే ప్రోటీన్ సి కూడా కె విటమిన్ మీద ఆధారపడినదే, పైగా అన్నిటికంటే ముందు తరిగిపోయే వాటిలో ఒకటి. అందువల్ల మొదటి కొద్ది రోజులు రక్తం పలచబడటానికి బదులు మరింత చిక్కబడే ప్రమాదం ఉంటుంది, ప్రోటీన్ సి లోపం ఉన్న వారిలో చర్మం నల్లబడి కుళ్లిపోవచ్చు. హెపారిన్ ఇంజెక్షన్లను కనీసం ఐదు రోజుల పాటు తోడుగా కొనసాగించడానికి కారణం ఇదే. ఇంజెక్షన్ల ఖర్చు తగ్గుతుందని మధ్యలో ఆపించే కుటుంబాలకు ఈ సంగతి ఎవరో ఒకరు ఓపికగా చెప్పాలి.

ఈ మాత్రలు వాడే వారికి, రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పి.టి., ఐ.ఎన్.ఆర్. పరీక్షలో అంకె సాధారణంగా రెండుకు, మూడుకు మధ్య నిలవాలి. ఆకుకూరల్లో కె విటమిన్ ఎక్కువ కనుక వాటిని పూర్తిగా మానేయమని చెప్పే అలవాటు ఇంకా ఉంది; తోటకూర, పాలకూర, మునగాకు లేని తెలుగు భోజనం ఎంతకాలం నిలుస్తుంది? మానడం అక్కర్లేదు, వారం వారం తినే పాళ్లు ఒకే తీరుగా ఉండేట్టు చూసుకుంటే మందు మోతాదును దానికి తగినట్టు వైద్యుడు సరిచేయగలడు. అసలు చిక్కు ఆ పరీక్ష దగ్గరలో దొరకకపోవడం. మండల కేంద్రం దాటి, ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లవలసిన వారు పరీక్షను వాయిదా వేస్తారు, అంకె పెరిగితే రక్తస్రావం, తగ్గితే మళ్లీ గడ్డ. పరీక్ష అవసరం లేని అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ వంటి మందులు చాలామందికి ఈ భారాన్ని తగ్గించాయి గానీ గుండెలో కృత్రిమ లోహపు కవాటాలు అమర్చిన వారికి అవి పనికిరావు.

చెప్పుకోని జబ్బు

లైడెన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక విశ్లేషణ వైద్యులను కూడా ఆలోచింపజేసింది. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి సిరల గడ్డ వచ్చి ఉంటే మనిషికి ముప్పు రెట్టింపుకు మించి పెరుగుతోంది, ఒకరికంటే ఎక్కువ మందికి వచ్చి ఉంటే దాదాపు నాలుగు రెట్లవుతోంది. తెలిసిన జన్యులోపాలు పరీక్షలో దొరికినా దొరకకపోయినా ఇది వర్తిస్తోంది. అంటే శాస్త్రం ఇంకా పేరు పెట్టని వంశపారంపర్య కారణాలు అనేకం ఉన్నాయి, వాటిని ఏ ప్రయోగశాలా ఇప్పటికి పట్టుకోలేదు, కుటుంబ చరిత్ర ఒక్కటే వాటిని పట్టుకుంటోంది. వేల రూపాయల పరీక్షల జాబితా కంటే ముందు, నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోవడానికి పట్టే పావుగంట విలువైనదని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

ఆ పావుగంటే తెలుగు కుటుంబాల్లో అన్నిటికంటే కష్టంగా దొరుకుతోంది. పెద్దనాన్న ముప్పై ఐదేళ్లకే పోయాడన్నది అందరికీ తెలుసు, ఎందుకు పోయాడన్నది ఎవరూ చెప్పరు. గుండె ఆగిపోయిందన్న ఒక్క మాటతో ఆ మరణం ముగుస్తుంది. పిన్నికి కాన్పయిన పదో రోజున కాలు వాచి ఊపిరాడక ఆసుపత్రిలో చేరిన సంగతి ఆడవాళ్ల మధ్యనే ఉండిపోతుంది. వరుసగా మూడు గర్భాలు నిలవని కోడలిని దురదృష్టవంతురాలిగా చూస్తారే తప్ప రక్తపరీక్షకు పంపరు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలుంటే ఇలాంటి చరిత్ర బయటపడటం సంబంధాలకు అడ్డమన్న భయం దీనంతటికీ మూలం. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే సంబంధాలు నిజంగానే తప్పిపోతాయి. అయినా, దాచిన చరిత్రకు మూల్యం చెల్లించేది చరిత్ర తెలియని తరువాతి తరం. లోపం ఉన్న యువతి పెళ్లికి ముందు వాయిదా మాత్ర వేసుకునేదీ, పెళ్లి తరువాత గర్భనిరోధక మాత్ర వేసుకునేదీ, కాన్పుకు వెళ్లేదీ ఆ తెలియనితనంతోనే.

వైద్యుడికి పనికివచ్చే కుటుంబ చరిత్రలో కొన్ని వివరాలు ఉండాలి: ఎవరికి వచ్చింది, ఏ వయసులో, కాలిలోనా ఊపిరితిత్తుల్లోనా గుండెలోనా మెదడులోనా, అప్పటికి ఏదైనా శస్త్రచికిత్స, ప్రసవం, జ్వరం, దూరప్రయాణం జరిగి ఉందా. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే దాన్ని అకాల గుండెజబ్బుగా పరిగణిస్తారు. పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామల సంగతులు కూడా చెప్పాలి. మేనరికం ఉన్న ఇంట్లో అవి రెండు వైపులా లెక్కకు వస్తాయి కనుక మరింత అవసరం. అలాగని ఒకరికి లోపం తేలగానే ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించనక్కర్లేదు. బలమైన యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ లోపాలున్న కుటుంబాల్లో, ముఖ్యంగా గర్భధారణ, హార్మోన్ల వాడకం ఎదురుగా ఉన్న యువతుల్లో పరీక్ష చికిత్సను మారుస్తుంది. నలభై దాటి, ఏ ముప్పూ లేకుండా తిరుగుతున్న మనిషిలో అది ఆందోళనను తప్ప మరేదీ పెంచకపోవచ్చు.

యాంటీథ్రాంబిన్ లోపం ఉందని ముందుగానే తెలిసిన అమ్మాయి గర్భం దాల్చితే, గర్భం నిర్ధారణ అయిన తొలి వారాల నుంచే హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు; ఆ మందు మాయ దాటి బిడ్డకు చేరదు, వార్ఫరిన్ చేరుతుంది, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య చేరితే బిడ్డ అవయవాల నిర్మాణాన్ని చెడగొడుతుంది. ఆమె అంతకుముందే వార్ఫరిన్ వాడుతూ ఉంటే నెల తప్పిన వెంటనే వైద్యుడికి చెప్పి మందు మార్పించుకోవాలి. ప్రసవానికి ముందు ఇంజెక్షన్ ఎప్పుడు ఆపాలో, నొప్పి తెలియకుండా వెన్నులో మత్తు ఎప్పుడు ఇవ్వవచ్చో, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో ప్రసూతి వైద్యురాలు, రక్తవ్యాధుల నిపుణుడు, మత్తు వైద్యుడు కలిసి ముందే నిర్ణయిస్తారు. గడ్డ కట్టే ముప్పు కాన్పు తరువాతి రోజుల్లోనే అత్యధికం కనుక, బాలింతను కదలనివ్వకుండా మంచానికి పరిమితం చేసే ఆచారాన్ని పక్కనపెట్టి, లేపి నడిపిస్తూ, కనీసం ఆరు వారాల పాటు మందు కొనసాగిస్తారు. ఆ కాలంలో హెపారిన్ అయినా వార్ఫరిన్ అయినా తల్లి బిడ్డకు పాలివ్వవచ్చు.